ఉమ్మనీరు పోయిన గడియ

(చాట్రాయి వార్షిక మహాసభయందు, మహిళా సమావేశమున చదువబడిన ఉపన్యాసము)



ఉదయమునుండి పెద్దలు విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ప్రసంగించిరి. మా వంతునకు విషయమును ఎన్నుకొను భారము కార్యదర్శిగారు మాకే విడిచిరి. మేము ఎన్నుకొన్నదానిని విని, ‘ఇది సభలో చెప్పదగిన మాటయా?’ యని కొందరు సందేహించిరి. చెప్పదగినదే యని మా యభిప్రాయము. సభలో చెప్పరాదు, వంటయింట చెప్పరాదు, మామగారి యెదుట అసలే చెప్పరాదు అని ఆడుబిడ్డకు చిన్ననాటనుండి నేర్పుటచేతనే, ఆ సమయము వచ్చినపుడు ఆమె నోరు మెదపక తడిసిన చీరను మార్చుకొని ఊరకుండును. పురుషులు లేచి వెళ్లవలదని ప్రత్యేకముగా కోరుచున్నాము. అర్ధరాత్రమున బండి తోలవలసినవారు వారే గదా.

గర్భిణికి నొప్పులు మొదలై, అవి ముదిరిన పిదప ఉమ్మనీటి సంచి పగిలి నీరు పోవుట సామాన్యక్రమము. కాని నెలలు నిండినవారిలో నూటికి రమారమి 8 మందికి ఈ క్రమము తారుమారగును. నొప్పియన్నది లేకుండగనే, నిద్రలోనో, పనిలోనో, పీటమీదనుండి లేచునపుడో నీరు పోవును. మన యిండ్లలో కాన్పునకు గుర్తు నొప్పులే. కనుక నొప్పులు లేనపుడు ఎవరికిని తొందర కనబడదు. ‘ఇంకను నొప్పులు రాలేదు కదా, తెల్లవారనిండు’ అని అత్తగారందురు. ‘రేపు అమావాస్య, ఎల్లుండి చూతము’ అని పెద్దలందురు. ఈ ఒక్క మాటను గూర్చియే మేము నేడు ముఖ్యముగా చెప్పదలచితిమి. నొప్పులు వచ్చినను రాకున్నను, నీరు పోయినప్పుడే లెక్క మొదలైనది. నొప్పులకొరకు ఇంట వేచియుండరాదు.

ఏల వేచియుండరాదో తెలిసికొనవలెను. కారణము తెలియని విధి నాలుగు దినములలో మరపునకు వచ్చును. గర్భకోశమునందు బిడ్డ ఒక పలుచని సంచిలో నీటియందు తేలుచుండును. ఆ సంచి యున్నంతవరకు బయటి సూక్ష్మజీవులు లోనికి సులభముగా పోజాలవు. అది చిరిగెనా, తలుపు తెరచిన యిల్లే. గంటలు గడచిన కొలదియు తల్లికి జ్వరము, బిడ్డకు రక్తమున విషము చేరు ప్రమాదము పెరుగును. నెలలు నిండినవారిలో సంచి చిరుగనపుడు బిడ్డకు తీవ్రమైన వ్యాధి సోకుట 200 మందిలో ఒకరికి కాగా, నొప్పులకు ముందే నీరు పోయినచో 100 మందిలో ఒకరికని పాశ్చాత్య వైద్యుల లెక్క. చిన్న అంకెయే. అది అందఱికిని వచ్చు ఆపద కాదు కనుక హడలిపోవలసిన పనిలేదు. ఆ ఒక్కరు ఎవరగుదురో ముందు తెలియదు కనుక ఉపేక్షించుటయు తగదు. నీరుపోయిన నూరుమందిలో సుమారు 60 మందికి ఒక దినములోపల నొప్పులు తమంతట తామే వచ్చును. మిగిలిన 40 మంది మాట ఏమి? వారు ఇంటిలో పండుకొని ఎదురుచూడవలసినవారు కారు.

‘నీరంతయు పోయినది, బిడ్డ ఎండిపోవును’ అని మరికొందరు గుండెలు బాదుకొందురు. ఇదియు పొరపాటే. ఉమ్మనీరు కడవలో పోసి యుంచిన నీరు వంటిది కాదు, ఊట వంటిది. నెలలు నిండుసరికి అది రమారమి 600 మొదలు 800 మిల్లీలీటర్ల వరకు ఉండును. అందులో ఎక్కువభాగము బిడ్డ మూత్రమే. బిడ్డ దానిని మ్రింగుచు మరల విడచుచుండును. కొంత పోయినను మరికొంత ఊరుచునే యుండును. కావున భయపడవలసినది నీరు తరుగుటకంటె దారి తెరచుకొనుటను గూర్చియే.

ఇక గుర్తించుట. సినిమాలలో చూపునట్లు కుండ పగిలినట్లు నీరు పోవుట కొందరికే. పెక్కుమందికి సన్నని ధారగానో, చుక్కచుక్కగానో, లేచినపుడును దగ్గినపుడును మాత్రమే చెమ్మగానో కనబడును. కడుపునెలలలో మూత్రము ఆగకపోవుట సహజము, వేసవిలో మన ప్రాంతపు ఉక్కకు చెమట సహజము, తెల్లబట్టయు సహజము. అందుచేత అనుమానము కలుగుట ఆశ్చర్యము కాదు. మూత్రమును ప్రయత్నించి బిగబట్టవచ్చును. ఉమ్మనీటిని బిగబట్టుట ఎవరితరమును కాదు. మూత్రపు వాసన వేరు, దీని వాసన వేరు. శుభ్రమైన తెల్లని నూలుగుడ్డను మడత వేసి పెట్టుకొని, అరగంట సేపు ప్రక్కకు తిరిగి పండుకొని లేచి చూచినచో సంగతి చాలవరకు తేలిపోవును. తేలకపోయినను చెడ్డది లేదు. అనుమానముతో ఆసుపత్రికి పోయి, ‘ఇది మూత్రమేనమ్మా’ అనిపించుకొని నవ్వుచు తిరిగివచ్చిన గర్భిణిని ఎగతాళి చేయు అలవాటును మాత్రము మన యిండ్లనుండి వెడలగొట్టవలెను. ఒకమారు ఎగతాళికి గురియైన పిల్ల రెండవమారు చెప్పదు.

నీరు పోయెనని తెలిసినతోడనే ఇంటిలోనివారు గోడగడియారము చూడవలెను. ఎన్ని గంటలకు పోయినదో ఆ వేళను కాగితముమీద వ్రాయవలెను. వైద్యులు మొట్టమొదట అడుగునది ఇదియే. ‘నిన్న సాయంకాలము దీపాలవేళ కాబోలు’ అని ఒకరును, ‘కాదు, భోజనములైన తరువాత’ అని ఒకరును వాదులాడుటవలన చికిత్స తడబడును.

రెండవది రంగు. నీరు స్వచ్ఛముగానో, గడ్డికడిగిన నీటివలె లేతపసుపుగానో, కొంచెము గులాబి ఛాయతోనో యున్నచో మంచిదే. ఆకుపసరువలె పచ్చగానో, నల్లగానో యున్నచో బిడ్డ కడుపులోనే మలవిసర్జనము చేసినదని గుర్తు. అట్టి నీటిని బిడ్డ ఊపిరితిత్తులలోనికి పీల్చినచో చిక్కు. ఇక ఒక్క నిమిషమును నిలువరాదు. ఎర్రని నెత్తురు పోవుచున్నను, దుర్వాసన వచ్చుచున్నను, తల్లికి చలిజ్వరము వచ్చినను, బిడ్డ కదలిక తగ్గినట్లు తోచినను అంతే.

ఇక్కడ మన ఆచారమును గూర్చి ఒక మాట. నీరుపోవుటను మైల యని తలచి, కోడలు ఎవరును చూడకముందే ఆ చీరను తడిపి ఉతికి ఆరవేయును. శుభ్రము మంచి గుణమే. కాని ఆ గుడ్డయే వైద్యునికి సాక్ష్యము. రంగును చెప్పునది అదియే, వాసనను చెప్పునది అదియే. దానిని ఉతుకక, ఒక సంచిలో వేసి వెంట తీసికొనిపోవలెను. పదిమంది చూతురని సిగ్గుపడవలసినది లేదు. ప్రసూతివార్డులో అది ప్రతిదినము చూచు వస్తువు.

చేయరానివి కొన్ని కలవు. యోనిలో గుడ్డగాని, దూదిగాని దోపరాదు. బయట శుభ్రమైన గుడ్డ పెట్టుకొనిన చాలును. నీటితొట్టిలో కూర్చుండరాదు, చెంబుతో పోసికొనుట వేరు. భార్యాభర్తలు కూడరాదు. నొప్పులు తెప్పింతుమని ఆముదము త్రాగింపరాదు. ‘ఎంతవరకు వచ్చినదో చూతము’ అని ఇంటిలో ఎవరును వ్రేలు పెట్టి పరీక్షింపరాదు. ఎంత అనుభవశాలియైనను సరియే. వీనియన్నిటికంటె ఘోరమైనది ఒకటి కలదు. గ్రామమున తిరుగు వైద్యుని పిలిచి, ‘నొప్పుల సూది’ వేయించుట. ఆక్సిటోసిను అను ఆ మందు ఆసుపత్రిలో చుక్కలెక్కన, బిడ్డ గుండెచప్పుడు వినుచు ఇచ్చునది. ఇంటిలో కండకు ఒక్కమారు పొడిచినచో దానిని మరల తగ్గించు ఉపాయము లేదు. గర్భకోశము చీలి తల్లియు, ఊపిరాడక బిడ్డయు పోవచ్చును. 200 రూపాయలకు పని జరిగెనని సంతోషించు మగవారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురుగాక.

మంచినీళ్లు, మజ్జిగ, పాలు కొంచెము కొంచెముగ త్రాగవచ్చును. భారమైన భోజనము మాత్రము వలదు; శస్త్రచికిత్స అవసరమైనచో నిండుకడుపు ఇబ్బంది కలిగించును. ‘మళ్లీ ఎప్పుడు తినునో’ అని తల్లులు కొసరి కొసరి పెట్టుట మేము ఎరుగుదుము.

నీరు పోయినతోడనే బొడ్డుతాడు జారుట అరుదుగా జరుగు ఆపద. కాని జరిగినచో గంటల వ్యవధి యుండదు, నిమిషములే. బిడ్డ తల క్రిందికి దిగి బిగిసియున్నవారికి ఈ భయము స్వల్పము. బిడ్డ అడ్డముగా నున్నదనియో, కాళ్లు క్రిందికున్నవనియో, కవలలనియో, ఉమ్మనీరు ఎక్కువయనియో ముందే వైద్యులు చెప్పియున్నవారు నీరుపోయినవెంటనే పండుకొనవలెను, నడువరాదు. మెలికలు తిరిగిన మెత్తని తాడు వంటిది బయటకు వచ్చినను, లోపల తగులుచున్నట్లు తోచినను గర్భిణిని మోకాళ్లమీదను మోచేతులమీదను వంచి, తల క్రిందికిని పిరుదులు పైకిని ఉండునట్లు చేయవలెను. బండిలో అట్లుండుట సాధ్యము కానిచో ప్రక్కకు పండుకొనబెట్టి పిరుదులక్రింద దిండ్లు ఎత్తుగా పెట్టవలెను. తాడును లోనికి నెట్టరాదు, లాగరాదు, పదేపదే ముట్టరాదు. ముక్కుమని చెప్పరాదు. టెలిఫోనులో 108 వారితో ‘బొడ్డుతాడు జారినది’ అను మాటను స్పష్టముగ చెప్పినచో, ఆసుపత్రివారు ముందుగనే సిద్ధపడుదురు.

నెలలు నిండకమునుపు, అనగా 37 వారములకు ముందు, నీరు పోయినచో సంగతి వేరు. అప్పుడు తొందర మరింత ఎక్కువ. అయినను తొందర కాన్పునకు కాదు, ఆసుపత్రి చేరుటకు. జ్వరము మొదలగు దుర్లక్షణములు లేనిచో వైద్యులు బిడ్డను కొన్నాళ్లు లోపలనే ఉంచుటకు ప్రయత్నింతురు. సూక్ష్మజీవులను అడ్డుటకు ఎరిత్రోమైసిన్ ఇత్తురు. దాని ప్రయోజనము 2001 లో ప్రకటితమైన, 4,826 మంది స్త్రీలు పాల్గొన్న పరిశోధనలో తేలినది. బిడ్డ ఊపిరితిత్తులు పక్వమగుటకు తల్లికి స్టీరాయిడు సూది వేయుదురు. ఈ ఉపాయమును 1972 లో న్యూజీలండు దేశపు ఆక్లండు నగరమున లిగిన్స్, హోవీ యను వైద్యులు ప్రకటించిరి. ‘అది ధనికదేశముల మాట, మన ఆసుపత్రులలో పనిచేయునా?’ యను శంక చాలకాలము ఉండెను. భారతదేశము, బంగ్లాదేశము, పాకిస్థాను, కెన్యా, నైజీరియాలలోని ఆసుపత్రులలో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు జరిపించిన పరీక్షాఫలితములు 2020 లో వెలువడినవి. నెలలు చాలా తక్కువగనే పుట్టిన బిడ్డలలో ఆ సూది పొందనివారి బిడ్డలు నూటికి 23.5 మంది చనిపోగా, పొందినవారి బిడ్డలు 19.6 మంది చనిపోయిరి. వేయిమందికి లెక్క వేసికొనుడు. దాదాపు 40 మంది పిల్లలు. మన దేశమున 2014 నాటి ప్రభుత్వ ఉత్తరువుల ప్రకారము పెద్దాసుపత్రికి పంపుటకు ముందు మొదటి సూదిని గ్రామపు ఏ.ఎన్.ఎమ్. సహితము వేయవచ్చును. 34 వారములలోపు గర్భిణికి నీరుపోయినచో, దారిలోనున్న ఆరోగ్యకేంద్రమున ఆ సూదిని గూర్చి అడుగుట మరువరాదు. అది దినముల తరబడి కాదు, గంటలలో పనిచేయవలసిన మందు. ఇంటిలో పోగొట్టిన రాత్రి బిడ్డ ఊపిరికి పోగొట్టిన రాత్రియే.

ఎక్కడికి పోవలెను? ఈ ప్రశ్న మన ప్రాంతమునకు ప్రత్యేకముగ చిక్కైనది. చాట్రాయి పూర్వపు కృష్ణాజిల్లాకు కొసన ఉన్నది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో చేర్చబడినది. నూజివీడు ఒకవైపు, తిరువూరు ఒకవైపు, సత్తుపల్లి ఒకవైపు. బెజవాడయు ఏలూరును దూరము. 2014 లో రాష్ట్రము రెండుగా చీలినప్పటినుండి సత్తుపల్లి వేరు రాష్ట్రమైనది. కార్డులు వేరు, పథకములు వేరు. అయినను నీరుపోయిన గర్భిణికి సరిహద్దురాయి అడ్డు కారాదు. ఏ ఆసుపత్రిలో రాత్రివేళ ప్రసూతివైద్యురాలును, మత్తుమందు వైద్యుడును, రక్తమును దొరకునో ఎనిమిదవ నెలలోనే విచారించి పెట్టుకొనవలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రము దగ్గరయే; ఆశ కార్యకర్తకును ఏ.ఎన్.ఎమ్.కును మొదట కబురు పెట్టుట మంచిదే; కాని నీటిరంగు చెడినను, నెలలు తక్కువైనను, పూర్వము ఆపరేషను జరిగియున్నను తిన్నగా పెద్దాసుపత్రికే పోవలెను. 108 అంబులెన్సు మన రాష్ట్రమున 2005 ఆగస్టు 15 న మొదలైనది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పునకును, సిజేరియనుకును, మందులకును, రాకపోకలకును సొమ్ము చెల్లింపనక్కరలేదని 2011 లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమము చెప్పుచున్నది. ఈ హక్కు మన తోటలలో కాపలాయుండు కూలికుటుంబములకు తెలియదు. తెలియజెప్పవలసినవారము మనమే.

మామిడికోత దినములను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. చైత్రమునుండి జ్యేష్ఠమువరకు ఈ ప్రాంతమున ఎవరికిని ఇల్లు పట్టదు. చిన్నరసాలు, బంగినపల్లులు, కలెక్టరుకాయలు దిగునపుడు మగవారు చిక్కములతోను గంపలతోను తోటలోనుందురు. లేక లారీవెంట నున్న మార్కెట్టుకు పోయియుందురు. ఇంటిలో ముసలివారును గర్భిణియు మిగులుదురు. తోటలోనే పాకవేసికొని యున్న కాపలాదారుని భార్యకైతే ప్రక్కయిల్లే లేదు. కొన్ని తోటలలో సెల్‌ఫోను మ్రోగదు. అంబులెన్సువారికి ‘ఫలానావారి తోట’ అని చెప్పినచో దారి దొరకదు. తారురోడ్డుకు ఏ మలుపువద్ద మనిషి నిలువబడి దీపము చూపునో ముందే ఏర్పాటు చేసికొనవలెను. వానకాలమున వాగులు పొంగునపుడు ఏ దారి తెగునో మనకు తెలిసినట్లు బయటివారికి తెలియదు. వానకాలమున నెలలు నిండు గర్భిణిని వారము ముందుగనే రోడ్డుప్రక్క బంధువుల యింటికి చేర్చుట తెలివైన పని. కోతకాలమున మనకు కాయ నలుగకుండ బుట్టలో గడ్డి పరచుటకు తీరిక కలదు. కోడలికొరకు ఒక సంచి సర్దిపెట్టుటకు తీరిక లేకపోదు.

తొలిచూలు పుట్టింట అను ఆచారమువలన ఇంకొక చిక్కు కలదు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో పరీక్షలు చేయించుకొన్న పిల్ల ఏడవనెలలో చాట్రాయి వచ్చును. కాగితములు అక్కడనే యుండును. రక్తపు గ్రూపేదో తల్లికి తెలియదు. నీరు పోయినపుడు, ‘అల్లుడుగారిని అడుగకుండ ఎట్లు తీసికొనిపోదుము? మాట వచ్చునేమో’ అని పుట్టింటివారును, ‘మేము లేకుండ ఆపరేషను చేయింతురా’ అని అత్తింటివారును టెలిఫోనులో పంచాయతీ పెట్టుదురు. మర్యాద మంచిదే. ఆ అనుమతిని ఏడవనెల సారెతోబాటే పుచ్చుకొనుడు. ఎవరును దొరకకున్నను ఏ ఆసుపత్రికి తీసికొనిపోవచ్చునో, అవసరమైనచో శస్త్రచికిత్సకు అభ్యంతరము లేదో ముందే ఒప్పుదలచేసికొనుడు. తల్లీబిడ్డల రక్షణ కార్డు, స్కానింగు కాగితములు, ఆధారు నకలు, నాలుగు ఉతికిన నూలుచీరలు, బిడ్డకు మెత్తని గుడ్డలు ఒకే సంచిలో తలుపుదగ్గర ఉండవలెను.

ఆపరేషను భయమును గూర్చి దాచక మాటలాడుదము. ‘తొందరగా పోయినచో కోసివేయుదురు’ అను భయముచేతనే చాలమంది నొప్పులు వచ్చువరకు కదలరు. ఈ భయమునకు ఆధారము లేదని మేమనము. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున నూటికి 42.4 కాన్పులు శస్త్రచికిత్సవలననే జరిగినట్లు తేలినది. అన్నియు అవసరమైనవే యని ఎవరును ఒప్పుకొనరు. ముహూర్తము చూచి కోయించుకొను మోజు మనలోను కలదు. దానిని వైద్యులమీదనే నెట్టరాదు. కాని నీరుపోయినవారి విషయమున ఒక పరిశోధన కలదు. కెనడాకు చెందిన మేరీ హన్నా యను వైద్యురాలు తన సహచరులతో కూడి 5,041 మంది స్త్రీలను పరీక్షించి 1996 లో ఫలితములను ప్రకటించెను. నెలలు నిండి నీరుపోయినవారిలో సగముమందికి వెంటనే మందుతో నొప్పులు తెప్పించిరి; తక్కినవారిని కనిపెట్టుచు వేచియుండిరి. వెంటనే నొప్పులు తెప్పించుటవలన శస్త్రచికిత్సలు పెరుగలేదు. ఆక్సిటోసినుతో నొప్పులు తెప్పించుకొన్న తల్లులలో జ్వరములు తగ్గినవి. కనుక త్వరగా పోవుటవలన కోత తప్పదను మాట నిజము కాదు. ఇంటిలో రెండు దినములు గడిపి, జ్వరముతోను, పచ్చని నీటితోను చేరినపుడే వైద్యునికి వేరుదారి మిగులకపోవుట తటస్థించును. ఆసుపత్రిలో ‘మందుతో నొప్పులు తెప్పింపవచ్చునా? ఎంతసేపు చూడవచ్చును? బిడ్డ గుండెచప్పుడు ఎట్లున్నది?’ అని వినయముగ అడుగుట గర్భిణికి, ఆమెవెంట పోయినవారికి హక్కు. అడుగుటకే ఒక చదువుకొన్న ఆడుది వెంటనుండవలెను.

వ్రేలు పెట్టి చూడరాదని పైన అంటిమి. ఆ నిషేధము వెనుక ఒక చరిత్ర కలదు, అది కులసభలో వినదగినది. వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతిశాలలు ఉండెడివి. ఒకదానిలో వైద్యులును వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును కాన్పులు చేసెడివారు. వైద్యులు చేసిన శాలలోనే బాలింతలు ఎక్కువగ జ్వరముతో చనిపోయెడివారు. సెమ్మెల్వీస్ అను వైద్యుడు 1847 లో కారణము కనుగొనెను. విద్యార్థులు శవములను కోసి, ఆ చేతులతోనే గర్భిణులను పరీక్షించుచుండిరి. క్లోరిను సున్నపునీటితో చేతులు కడుగవలెనని ఆయన నియమము పెట్టినతోడనే, ఏప్రిల్‌లో నూటికి 18 గానున్న మరణములు జూనునాటికి 2 కు దిగినవి. పెద్దచదువు చదివిన దొరల చేయియే చంపినది. కడిగిన చేయి బ్రదికించినది. చేతికి జాతి లేదు, శుభ్రము మాత్రమే కలదు.

మన యిండ్లలో తరతరములు పురుడుపోసినది ఎవరు? ఇతర కులముల మంత్రసానులే. మన తాతలను తండ్రులను తమ చేతులమీద భూమికి దింపినవారిని, పని ముగిసినపిదప గడపబయట నిలిపి, చాటలో బియ్యముపోసి పంపితిమి. పురిటిగది చీకటికొట్టు, గుడ్డలు పాతవి, కత్తి ఇంటిలోనిది. బాలింత చనిపోయినచో నింద ఆమెది. ఆమెకు సబ్బును వేడినీళ్లును ఇచ్చుట ఎవరి బాధ్యతయో మనము ఆలోచింపలేదు. నేడు ఆ పని దాదాపు గతించినది. అదే సర్వేలో మన రాష్ట్రమున నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రులలోనే జరిగినవి. 2018–20 లెక్కలలో లక్ష కాన్పులకు దేశమున 97 మంది తల్లులు చనిపోగా ఆంధ్రప్రదేశమున 45 మంది చనిపోయిరి. కేరళమున 19 మందియే. మనకును వారికిని నడుమ 26 మంది తల్లులు ఉన్నారు.

ఈ మార్పు ఊరకే రాలేదు. అమెరికానుండి 1883 లో గుంటూరునకు వచ్చిన అన్నా కుగ్లరు దొరసాని అచట స్త్రీలకొరకు పెద్దాసుపత్రిని 1898 లో తెరచునాటికి, పురుషవైద్యుని చూచుటకంటె చావే మేలని తలచు కుటుంబములు మన జిల్లాలలో ఉండెడివి. ఆమె చికిత్సకు కృతజ్ఞులై ఏలూరు రాజావారు ఆ ఆసుపత్రి యెదుట రోగుల బంధువులకొరకు సత్రము కట్టించిరి. కొమర్రాజు అచ్చమాంబగారు బెజవాడలో స్త్రీలకు వైద్యము చేయుచు, ప్రసూతిని గూర్చియు శిశుపోషణను గూర్చియు తెలుగున గ్రంథము వ్రాసిరి. 1957 లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైరి. పడకగదిలో గుసగుసలాడు సంగతులను ఆమె అచ్చువేసినపుడు ఆక్షేపించినవారు ఉండకపోరు. వారి పేర్లు నేడెవరికిని తెలియవు.

ఏలూరు రాజావారి సత్రమును మేము ఊరక ప్రస్తావింపలేదు. పోషకమహాశయులు కల్యాణమండపమునకు పైయంతస్తు వేయింప సంకల్పించిరని విన్నాము. సంతోషము. దానిలో కొంతభాగమును మరలించి నూజివీడులో ఆసుపత్రికి నడువదగిన దూరమున రెండు గదులను అద్దెకు పుచ్చుకొనినను చాలును. లోపలి గ్రామములనుండియు తోటలనుండియు వచ్చు గర్భిణి ఒకతె, ఆమెకు తోడుగ ఒకతె, చివరి పదిదినములు అచట ఉండవచ్చును. ఏ కులము గర్భిణికైనను ఆ తలుపు తెరచియుండవలెనని మా కోరిక. మన తోటలలో పనిచేయువారు మనవారు కారందుమా?

వ్యయము లేని పని ఒకటి కలదు. దానిని తీర్మానరూపమున సభవారి యెదుట ఉంచుచున్నాము. ప్రతిగ్రామమునందును కారుగాని ఆటోగాని కలిగి, రాత్రి పిలిచినచో కులము అడుగక వచ్చుటకు ఒప్పుకొన్న ముగ్గురి పేర్లును టెలిఫోను సంఖ్యలును ఒక అట్టమీద పెద్ద అక్షరములతో వ్రాసి, దాని నెత్తిన 108 అని ఎర్రసిరాతో వేసి, గర్భిణి యున్న ప్రతియింటను గడియారము క్రింద తగిలింపవలెను. తోటల పాకలకును ఇయ్యవలెను. అట్ట అడుగున రెండు ఖాళీగీతలు ఉండవలెను. మొదటిగీతమీద ‘నీరు పోయిన వేళ’, రెండవగీతమీద ‘నీటి రంగు’ అని అచ్చువేయింపవలెను. ఆ గీతల ప్రక్కన దారముతో ఒక పెన్సిలు కట్టియుంచవలెను. మామిడిపూత రాలి పిందె పట్టునప్పటికి, అనగా కోతలకు ముందే, అట్టలు ఇల్లిల్లు చేరవలెను. అచ్చుఖర్చు మేము భరించెదము. పెన్సిళ్లు మహిళాశాఖవారు ఇత్తురు. గ్రామమునకు ముగ్గురు బండివారి పేర్లను ఈ సభ ముగియులోపల కార్యదర్శిగారి బల్లవద్ద వ్రాయించి పోవలసినదని పురుషసభ్యులను కోరుచున్నాము.